తుఫానుకు చెడిన ఇంటి కప్పు: బీమా పరిహారము పొందు విధము

నెల్లూరు తీరమున ఇంటి కప్పునకు వడగండ్లకంటె గాలియే పెద్ద శత్రువు. 1989 నవంబరులో కావలి వద్ద తీరము దాటిన తుఫానును చూచిన రైతు సోదరులకు ఈ మాట చెప్పనక్కరలేదు. పంటల బీమా పైరుకే గాని ఇంటి పెంకులకు రాదు. 2021 ఏప్రిల్ నుండి సాధారణ బీమా కంపెనీలు ఇచ్చుచున్న భారత్ గృహ రక్ష పాలసీలో తుఫాను, వరద, పిడుగు చేరియున్నవి.

పాలసీ తీసికొనునపుడు కప్పు ఏ రకమో ఉన్నదున్నట్లు వ్రాయించుడు. తాటాకు కప్పును కచ్చా కట్టడముగా లెక్కింతురు. పెంకుటిల్లని వ్రాయించినచో ఆపదనాడు చిక్కు మీకే.

సర్వేయరుతో పేచీ వచ్చునది సాధారణముగా ఒకచోటనే: "ఈ రేకు ముందే తుప్పు పట్టినది." పాతబడి చెడినదానికి పాలసీ ఇవ్వదు. ఉప్పుగాలికి రేకుల కొక్కెములు త్వరగా తినివేయబడును. కనుక సెప్టెంబరులోనే వానిని మార్పించి, రసీదు దాచి, కప్పును నాలుగువైపుల ఫోటో తీసి ఉంచుడు. సెల్ ఫోనులో తీసినది చాలును. పొరుగూరి బంధువునకు పంపి ఉంచినచో ఫోను తడిసినను ఫోటో పోదు.

గాలి తగ్గగానే కంపెనీకి తెలుపుడు. టార్పాలిను కప్పుటకు సర్వేయరు కొరకు ఆగనక్కరలేదు. నష్టము పెరుగకుండ చూచుట మీ విధియే. అయితే ముందు ఫోటో, తరువాత టార్పాలిను. పగిలిన పెంకులను పారవేయక, ఆయన చూచువరకు దొడ్డిలో కుప్పగా ఉంచుడు. మేస్త్రిచేత మరమ్మతు అంచనా వ్రాయించుడు.

పరిహారము తగ్గించినచో కారణమును వ్రాతమూలముగా అడుగుడు. కంపెనీకి ఫిర్యాదు చేసి నెల దాటినను జవాబు రాకున్నను, వచ్చిన జవాబు సమ్మతము కాకున్నను, ఏడాదిలోపుగా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చును. రుసుము లేదు, వకీలు అక్కరలేదు.