పిల్లలకు పంటి వైద్యుడనిన భయమేల?

పాఠశాలకు వైద్యులు వచ్చిరని తెలిసినంతనే వెనుక గోడ దాటి పొలములలోనికి పరుగెత్తు పిల్లలను మన గ్రామములందు చూచుచుందుము. పంటి వైద్యుడు కూడ వచ్చెనన్నచో వారి సంఖ్య రెట్టింపగును. పెద్దలు నవ్వి ఊరకుందురు. కాని పారిపోయిన బాలుని నోట పిప్పిపన్ను ఉన్నచో, ఆనాటి చిన్న గుంట కొన్ని నెలలలో చీముగడ్డ కావచ్చును. అప్పుడు వాడు రాత్రియంతయు నిద్రలేక, వాచిన దవడతో ఆసుపత్రికి వచ్చును. వానికి మొదటి రాకయందే పట్టకారు కనబడును. భయమువలన ఆలస్యము, ఆలస్యమువలన నొప్పి, నొప్పివలన మరింత భయము కలుగుచున్నవి.

ఈ భయములో చాల భాగము ఇంట నేర్చినదే. "అన్నం తినకపోతే డాక్టరుచేత సూది వేయిస్తాను" అని బెదరించు తల్లియు, తన పన్ను పీకించుకొన్న కథను అరుగుపై కూర్చుండి రక్తముతో సహా వర్ణించు తాతయు తెలియకయే దానికి విత్తు నాటుచున్నారు. పెద్దల భయము పిల్లలకు అంటునని పెక్కు పరిశీలనలందు తేలినది. (గ్రామ తగవులలో ఎవరికిని జంకని పెద్దమనుష్యులు పంటి కుర్చీ ముందు చెమటలు పట్టుట మనకు తెలియనిది కాదు.)

"పాలపన్నే గదా, ఊడిపోవును" అను మాట మరియొక చిక్కు. పాల దవడపండ్లు పది, పండ్రెండేండ్ల వరకు ఉండవలసినవి. ఆరవయేట వాని వెనుక ఏ పన్నును ఊడకుండగనే ఒక క్రొత్త దవడపన్ను వచ్చును. అది శాశ్వతమైనది. దానినే పాలపన్నని తలచి పలువురు పాడుచేసికొందురు.

బిడ్డకు నొప్పి లేనప్పుడే వైద్యుని చూపుట మొదటి మందు. ఆనాడు పండ్లు లెక్కించి పంపిన చాలును. 1959లో అమెరికా దేశపు ఆడెల్‌స్టన్ అను దంతవైద్యుడు "చెప్పుము, చూపుము, చేయుము" అను పద్ధతిని వివరించెను. చిన్న అద్దము ఏమి చేయునో చెప్పి, దానిని బాలుని గోటిపై ఆనించి చూపి, పిదపనే నోటిలో పెట్టుదురు. చేయి పైకెత్తినచో ఆపుదునని ముందుగా మాట ఇచ్చి, ఎత్తినప్పుడు నిజముగా ఆపుదురు. ఆ మాట తప్పిన వైద్యుని బాలుడు మరల నమ్మడు. ఇంటివారును "ఏమీ చేయరు" అని బొంకరాదు. "సూది", "కోత" అను మాటలు ఎత్తరాదు. తెలియని సంగతిని "డాక్టరుగారినే అడుగుదము" అని వదలుట మేలు.

ఒక గ్రామమున జరిగిన శిబిరమును ఈ వ్యాసకర్త చూచెను. పరీక్షయు, పన్ను తీయుటయు ఒకే గదిలో పెట్టిరి. మూడవ పిల్ల కేకకు బయటి వరుస అంతయు చెదరిపోయెను. మరుసటి యేడు పంచాయతీ సభ్యురాలొకరు పట్టుబట్టి, పన్ను తీయు పనిని పాఠశాలనుండి తప్పించి ఆసుపత్రికే వదలిరి. తల్లులను పిలిపించి, చిన్నపిల్లలను వారి ఒడిలోనే కూర్చుండబెట్టి చూపించిరి. జంకు లేని పెద్దపిల్లను అందరి కండ్లయెదుట మొదట కూర్చుండబెట్టిరి. ఆనాడు గోడ దాటినవాడు ఒక్కడే. వాడును మధ్యాహ్న భోజనమునకు తిరిగివచ్చి నోరు చూపెను.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము ననుసరించి వైద్యబృందములు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుమార్లు, ప్రభుత్వ పాఠశాలలకు ఒకమారు రావలెను. పిప్పిపండ్లను గుర్తించుటయు వారి పనులలోనిదే. వారు పై ఆసుపత్రికి వ్రాసి పంపిన పిల్లల పేర్లను ప్రధానోపాధ్యాయునియొద్ద అడిగి తెలిసికొనవచ్చును. వారిలో వెళ్ళనివారు ఎవరో చూచి, నలుగురైదుగురిని తల్లులతో కలిపి ఒకే ఉదయమున, కడుపునిండ తినిపించి, ఒకే బండిలో పంపవలెను. ఒంటరిగా ఏడ్చు పిల్లవాడు తోటివారి నడుమ చాలవరకు ధైర్యము తెచ్చుకొనును.