చివరి రోజుల డ్యూటీ: కేర్‌గివర్లకు కావాల్సిన పనితనం

పదో తరగతితో చదువు ఆగినా, నర్సింగ్ సీటు రాకపోయినా హోమ్‌కేర్ ఏజెన్సీల్లో అటెండెంట్‌గా చేరే వీలుంది. అలా చేరినవాళ్లలో చాలామంది వెనకాడేది ఒక్క డ్యూటీకే: ఇక కోలుకోరని డాక్టర్లు చెప్పేసి ఇంటికి పంపిన మనిషి దగ్గర ఉండటానికి. ‘సేవాభావం ఉంటే చాలమ్మా’ అని ఏజెన్సీ వాళ్లు నచ్చజెబుతారు. చాలదు. ఇది నేర్చుకుని చేయాల్సిన పని. సేవ అనే మాట చెప్పి జీతం తగ్గించడం కూడా ఈ రంగంలో మామూలే.

మొదట మంచం సంగతి. కదల్లేని రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. లాగితే చర్మం ఒరుసుకుపోతుంది, అందుకే దుప్పటితో సహా ఇద్దరు ఎత్తి జరపాలి. నడుము కింది ఎముక, తుంటి, మడమల దగ్గర చర్మం ఎర్రబడితే రుద్దకూడదు, ఆ చోట బరువు పడనీయకూడదు. ఆఖరి గంటల్లో మాత్రం తిప్పిన ప్రతిసారీ మూలుగుతుంటే నర్సునడిగి ఆ లెక్క సడలించవచ్చు.

అసలు పరీక్ష తిండి దగ్గర. ‘నాలుగు ముద్దలైనా పెట్టమ్మా’ అని ఇంట్లోవాళ్లు బతిమాలతారు. ఆ దశలో ఒంటికి ఆకలుండదు, మింగే శక్తి తగ్గుతుంది, బలవంతంగా పెట్టింది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. తులసితీర్థమైనా, జంజం నీళ్లయినా అంతే. ఆచారాన్ని కాదనకండి. ఉద్ధరిణితో గొంతులో పోయకుండా, తడిపిన దూదితో పెదవులకు అద్దమని నెమ్మదిగా చెప్పండి. ఎండిన నోటికి కూడా హాయిగా ఉంటుంది.

క్యాన్సర్ నొప్పికి డాక్టర్లు మార్ఫిన్ మాత్రలు రాస్తారు. అలవాటైపోతుందని భయపడి మాత్ర దాచేసే కొడుకులూ కూతుళ్లూ ఉంటారు. నొప్పి ముదిరేదాకా ఆగకుండా డాక్టరు చెప్పిన వేళకు ఇస్తేనే అది బాగా పనిచేస్తుంది. మలబద్ధకం దాదాపు తప్పదు కాబట్టి విరేచనం ఎప్పుడైందో రాసిపెట్టాలి. మోతాదు మార్చే అధికారం మాత్రం మీకు లేదు. 2014లో మత్తుమందుల చట్టాన్ని సవరించి ఆసుపత్రులు మార్ఫిన్ తెచ్చుకునే దారి సులువు చేసినా, ఇప్పటికీ అది ప్రతి మందుల షాపులో దొరకదు. ఉన్న మాత్రలు అయిపోకముందే గుర్తుచేయడం మీ పనే.

చివరికొచ్చేసరికి గొంతులో గరగర మొదలవుతుంది, ఊపిరి కాసేపు ఆగి మళ్లీ అందుకుంటుంది, కాళ్లూ చేతులూ చల్లబడతాయి. రోగి కన్నా చూసేవాళ్లే ఎక్కువ హడలిపోతారు. ఒక పక్కకు తిప్పి తల కాస్త ఎత్తు చేస్తే చాలాసార్లు ఆ శబ్దం తగ్గుతుంది. ఇలా జరగొచ్చని కుటుంబానికి ముందే చెప్పమని నర్సును కోరండి. రోగికి మాట వినపడుతుందనే అనుకుని మెలగాలి. ఆస్తి గొడవలూ, దహనం ఏర్పాట్లూ పక్కగదిలో మాట్లాడుకోమనడానికి మొహమాటపడొద్దు. ప్రాణం పోయిందని ప్రకటించేది డాక్టరే. మీరు టైము రాసి ఫోన్ చేయాలి.

ఇవన్నీ ఎక్కడ నేర్చుకోవాలంటే, జనరల్ డ్యూటీ అసిస్టెంట్, హోమ్ హెల్త్ ఎయిడ్ కోర్సులు స్కిల్ సెంటర్లలో ఉన్నాయి, కొన్ని నెలల్లో పూర్తవుతాయి. అయితే వాటిలో అంతిమ దశ సంరక్షణ గురించి చెప్పేది కొంచెమే. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి పాలియేటివ్ (ఉపశమన సంరక్షణ) విభాగం, స్పర్శ్ హాస్పిస్ లాంటి చోట్ల వాలంటీర్‌గానైనా కొన్నాళ్లు ఉండే అవకాశం ఉందేమో అడగండి. తిరువనంతపురంలోని పాలియం ఇండియా కూడా శిక్షణ ఇస్తుంది. ఇంజెక్షన్లు, పెద్ద బాధ్యతలు కావాలనుకుంటే జీఎన్‌ఎం లాంటి నర్సింగ్ కోర్సు చదవక తప్పదు.

ఏజెన్సీలో సంతకం పెట్టేముందు డ్యూటీ పన్నెండు గంటలా, ఇరవై నాలుగా, నిద్రకు ఎన్ని గంటలిస్తారు, కమీషన్ ఎంత కోస్తారు, అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఎత్తే నర్సు ఎవరు అని తేల్చుకోండి. ఒక ఇంట్లో మరణం జరిగాక మర్నాడే మరో ఇంటికి పంపుతారా, మధ్యలో జీతంతో సెలవిస్తారా అన్నది కూడా కాగితం మీద రాయించుకోండి.