ఇంజన్ దింపే ముందు

నోవి, మిషిగన్

హర్షా,

నువ్వు పంపిన ఫోటోలు, వీడియోలు అన్నీ చూశాను. మీ పిన్నికి కూడా చూపించాను. "ఇంత ఆకుపచ్చ కారు ఎవరు కొంటారండీ" అంది. వెర్డోరో గ్రీన్ రంగులో 1968 పొంటియాక్ జీటీఓ కోసం ఈ ఊళ్లో ఎంతమంది ఎదురుచూస్తుంటారో ఆవిడకు చెప్పి లాభం లేదు కాబట్టి ఊరుకున్నాను.

ఉన్న 400 క్యూబిక్ అంగుళాల ఇంజన్ విప్పి బాగు చేయించాలా, లేక దాన్ని తీసేసి కొత్తకాలపు ఇంజన్ ఎల్‌ఎస్3 వేయించాలా అని అడిగావు. షాపతను రెండోదే మేలన్నాడట. అతను అబద్ధం చెప్పాడని నేననను. కాకపోతే ఎవరికి చేతనైన పనిని వాళ్లు సిఫార్సు చేస్తారు. నా జవాబు ముందే చెప్పేస్తాను, కారణాలు నిదానంగా చదువుకో: నీ కారుకీ, నువ్వు దాన్ని వాడే తీరుకీ ఉన్న ఇంజన్ని నిలబెట్టుకోవడమే మంచిది. అయితే 1968లో ఉన్నట్టే నిలబెట్టక్కర్లేదు.

ముందు నీ ఫిర్యాదులు చూద్దాం. ఫ్రీవే మీద 70 మైళ్లకే ఇంజన్ అరుస్తోందనీ, పక్క సీట్లో కోడలి మాట వినపడడం లేదనీ రాశావు. అది ఇంజన్ తప్పు కాదురా. నీ బండిలో ఉన్నది మూడు గేర్ల టర్బో 400 ఆటోమేటిక్, వెనక యాక్సిల్ 3.55. ఆ లెక్కన 70 మైళ్ల దగ్గర ఏ ఇంజనైనా నిమిషానికి 3,000 చుట్లు దాటి తిరగాల్సిందే. 200-4ఆర్ అనే నాలుగు గేర్ల ఓవర్‌డ్రైవ్ గేర్‌బాక్స్ ఒకటుంది. దాని ముందుభాగం పొంటియాక్ ఇంజన్‌కి నేరుగా బిగుస్తుంది. నాలుగో గేరు 0.67 కాబట్టి అదే వేగంలో చుట్లు 2,100 దగ్గరికి దిగుతాయి. దాన్ని కూడా నీ ఇంజన్ బలానికి తగ్గట్టు గట్టిపరిచినదే తీసుకోవాలి. ఎల్‌ఎస్ వేయించుకుని ఎంత హాయిగా ఉందో అని చెప్పేవాళ్లు చాలామంది పొగిడేది నిజానికి దాని వెనక వచ్చిన కొత్త గేర్‌బాక్సునే.

తాహో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు టకటకలాడుతోందన్నావు కదా, అది నాకింగ్. 1968లో 350 హార్స్‌పవర్ 400 ఇంజన్‌కి కంప్రెషన్ 10.75 పెట్టారు. అప్పటి సీసం కలిపిన ప్రీమియం పెట్రోలుకి అది సరిపోయేది. ఇప్పుడు మీ కాలిఫోర్నియా బంకుల్లో ప్రీమియం అంటే 91 ఆక్టేన్. ఇనప హెడ్లతో, అంత కంప్రెషన్‌తో, ఆ ఎండలో ఘాట్ ఎక్కితే కొట్టుకోక ఏం చేస్తుంది? ఇది మాత్రం ఇంజన్ విప్పితేనే తీరే బాధ. అప్పటిదాకా టైమింగ్ కొంచెం వెనక్కి పెట్టించు, యాక్సిలరేటర్ నేలకు తొక్కకు. కొట్టుకుంటుండగా అలాగే లాగిస్తే పిస్టన్ పోతుంది, అప్పుడు మనం మాట్లాడుకోవడానికి ఇంజనే మిగలదు.

ట్రాఫిక్‌లో వేడెక్కడానికి సగం కారణాలు ఇంజన్ బయటే దొరుకుతాయి: పూడుకుపోయిన రేడియేటరు, ఫ్యాన్ చుట్టూ ఉండాల్సిన తొడుగు లేకపోవడం, పనిచేయని ఫ్యాన్ క్లచ్. పొంటియాక్‌కి ప్రత్యేకంగా ఇంకొకటుంది. వాటర్ పంపు వెనక రేకు పలక ఒకటుంటుంది. దానికీ పంపు రెక్కలకీ మధ్య సందు ఎక్కువైతే నీళ్లు సరిగా తోయదు. కొత్త పంపు వేసినప్పుడు ఆ సందు చూసుకోని మెకానిక్కులే ఎక్కువ.

ఇక నీలం పొగ. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఒక్క పొగ వదిలి ఆగిపోతోందంటే అది వాల్వు సీళ్ల పని. రాత్రంతా గైడ్ల వెంట జారిన ఆయిలు పొద్దున కాలుతోంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వెనక పొగ కడుతుంటే అప్పుడు "బోరుకొచ్చింది" అనాలి. నీ వీడియోలో నాకది కనిపించలేదు.

చూపుతో తేల్చకు, పరీక్ష చేయించు. ఇంజన్ వేడి మీదుండగా ఎనిమిది సిలిండర్లకీ కంప్రెషన్ చూడమను. తక్కువ వచ్చిన దాంట్లో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ చూడాలి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. దానికంటే మంచిది లీక్‌డౌన్ పరీక్ష. పిస్టన్ పైకొచ్చి, వాల్వులు మూసుకున్న చోట సిలిండర్లోకి గాలి కొట్టి ఎక్కడ బుస్సుమంటోందో చెవి పెట్టి వినడమే. కార్బురేటర్లో వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు. సైలెన్సర్ గొట్టంలో అయితే ఎగ్జాస్ట్ వాల్వు. ఆయిలు పోసే మూత దగ్గరైతే రింగులు. రేడియేటర్లో బుడగలొస్తే గ్యాస్కెట్టో, పగులో. ఇంజన్ దింపకుండానే ఇంత కథ చెప్పే పరీక్ష ఇంకోటి లేదు. ఆయిలు ప్రెషరు కూడా వేడి మీదే చూడు. వెయ్యి చుట్లకి 10 పీఎస్‌ఐ ఉంటే చాలు, కంగారు పడకు.

బ్లాకు నంబర్ల ఫోటో మంచి పని చేసింది. ముందువైపు, ప్యాసింజర్ పక్కన కొట్టిన రెండక్షరాల కోడ్ వైఎస్. ఆ ఏడాది ఆటోమేటిక్ జీటీఓలో వేసిన 350 హార్స్‌పవర్ 400 అదే. 1968 నుంచి బ్లాకు మీద కారు సీరియల్ అంకెలు కూడా కొట్టడం మొదలుపెట్టారు, అవీ నీ డ్యాష్‌బోర్డు నంబరుతో కలుస్తున్నాయి. ఆ నంబరు 242తో మొదలైంది కనుక లెమాన్స్‌కి జీటీఓ బ్యాడ్జీలు తగిలించిన బండి కాదని ఎలాగూ తేలింది. పొంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ వాళ్ల దగ్గర కంపెనీ బిల్లింగ్ రికార్డుల నకలు దొరుకుతుంది, అదొకటి తెప్పించుకో. పుట్టినప్పటి ఇంజనుతోనే ఇంతకాలం ఉన్న బండిని విడదీయాలంటే గట్టి కారణం కావాలి. నేను ధర గురించే అనడం లేదు, ధర కూడా ఉందనుకో.

బాగు చేయించడమంటే పాత తప్పులన్నీ మళ్లీ బిగించడమని నువ్వు అనుకుంటున్నట్టున్నావు. బ్లాకు, హెడ్లు, కార్బురేటరు, దాని మీది గాలి డబ్బా కంటికి కనిపించేవి. లోపల ఏం వేశావో ఎవరు చూడొచ్చారు? గుంట ఉన్న పిస్టన్లు వేసి కంప్రెషన్ 9.5 దగ్గరికి దించితే 91 ఆక్టేన్‌తో తాహో ఏమిటి, ఎక్కడికైనా వెళ్లొచ్చు. ఒకప్పుడు పెట్రోల్లో సీసమే వాల్వు సీట్లను కాపాడేది. రోడ్డు మీది కార్లకు 1996తో దేశమంతా అది నిషేధం. అందుకే ఎగ్జాస్ట్ వైపు గట్టి సీట్లు కూర్చోబెట్టాలి. ఆ ఇంజన్లో కనెక్టింగ్ రాడ్లు పోత ఇనుపవి, బ్లాకు మెడలో గుదిబండలవి. ఫోర్జ్‌డ్ రాడ్లు వేయించు. టైమింగ్ గేరుకి అప్పట్లో శబ్దం రాకుండా నైలాన్ పళ్లు పెట్టేవారు. అవి ఎండి రాలి ఆయిలు పంపు జల్లెడకి అడ్డుపడతాయి. స్టీలు గేర్లు, కొత్త గొలుసు పెట్టించు. వెనక మెయిన్ సీలు తాడులా ఉంటుంది, కారుతుంది. దాని బదులు రబ్బరు సీలు దొరుకుతోంది. క్యామ్ విషయంలో కాస్త ఎక్కువ ఖర్చయినా రోలర్ క్యామ్‌కి వెళ్లు. పాత పద్ధతి ట్యాపెట్లకి ఆయిల్లో జింకు కావాలి, ఇప్పటి మామూలు ఆయిళ్లలో అది తగ్గించారు. మొదటిసారి స్టార్ట్ చేశాక 20 నిమిషాలు 2,000 చుట్ల పైన ఆపకుండా నడపకపోతే ఆ క్యామ్ అరిగి చేతికొస్తుంది.

బోరు 30 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) కొట్టించడానికి భయం లేదు. అంతకు ముందే ఎవరైనా కొట్టించి, ఇప్పుడు 60కి వెళ్లాల్సి వస్తే మాత్రం గోడల మందం సోనిక్ పరీక్షతో చూశాకే ఒప్పుకో. పగుళ్లకి మ్యాగ్నఫ్లక్స్ తప్పనిసరి. బోర్‌తో పాటు పొడవైన స్ట్రోకు క్రాంకు వేస్తే 461 క్యూబిక్ అంగుళాలవుతుందని నీకెవరో ఒకరు చెబుతారు. నిజమే, అవుతుంది. నీకు అక్కర్లేదు.

ఎల్‌ఎస్‌కి అన్యాయం చేయకూడదు కాబట్టి దాని సంగతీ చెబుతాను. 2008లో కొర్వెట్‌కి ఇచ్చిన ఎల్‌ఎస్3 6.2 లీటర్లకి 430 హార్స్‌పవర్. నీ 350కీ దానికీ తేడా ఎనభయ్యే అనుకోకు. 1972కి ముందు అమెరికా కంపెనీలు చెప్పినవి గ్రాస్ అంకెలు, ఆల్టర్నేటరూ సైలెన్సరూ లేకుండా ఇంజన్ని బల్ల మీద పెట్టి కొలిచినవి. కొర్వెట్‌ది నెట్ అంకె. అసలు తేడా చాలా పెద్దది. అల్యూమినియం బ్లాకు కాబట్టి ముందు చక్రాల మీద సుమారు 200 పౌండ్లు తగ్గుతాయి. చలిలో ఒక్క తాళం తిప్పితే అందుకుంటుంది. వంశమర్యాద మాటంటావా, 2004లో ఆస్ట్రేలియా నుంచి తెచ్చి జీటీఓ పేరుతో అమ్మిన కారుకి పొంటియాక్ వాళ్లే ఎల్‌ఎస్1 పెట్టారు. కనుక అపచారమని పెదవి విరిచే పెద్దమనుషులను పట్టించుకోకు. మన ఊళ్లో అంబాసిడర్లో పెట్రోలు ఇంజన్ తీసి డీజిల్ ఇంజన్ వేయించినప్పుడు ఎవరైనా ఒరిజినల్ పోయిందని ఏడ్చారా? అది ట్యాక్సీ, మైలేజీ కావాలి, అంతే. నువ్వు ఈ బండిలో రోజూ ఆఫీసుకు వెళ్లేవాడివైతే నేనూ ఎల్‌ఎస్ అనే రాసేవాణ్ణి.

అయితే షాపతను చెప్పిన ధర ఇంజన్‌ది. దాని వెంట వచ్చే పెళ్లివారి సంగతి చెప్పలేదు. ఎల్‌ఎస్‌కి పెట్రోలు 58 పీఎస్‌ఐతో అందాలి. కనుక ట్యాంకులో పంపు, కొత్త గొట్టాలు. కంప్యూటరు, దాని వైరింగు. ఈ కారు అడుగు పట్టీకి తగలని ఆయిల్ పాను. మౌంట్లు, హెడ్డర్లు, ఏసీ కంప్రెసర్ బ్రాకెట్లు. నీ టర్బో 400 దానికి నేరుగా బిగవదు, కాబట్టి గేర్‌బాక్సు, దాంతో ప్రొపెల్లర్ షాఫ్టు కొలత, స్పీడోమీటరు. ఆ పైన నీ కారుకి నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. ఆ శక్తికి అవి చాలవు. (నిజానికి ఇప్పుడున్న శక్తికీ చాలవు. ఏ దారిలో వెళ్లినా ముందు డిస్కు బ్రేకులు వేయించు, ఇది సలహా కాదు, ఆజ్ఞ.) సగం పూర్తయి, ఏళ్ల తరబడి షెడ్డుల్లో పడి ఉన్న బళ్లలో ఎక్కువ ఈ చిల్లర సామాన్ల దగ్గర ఆగినవే. స్మాగ్ బెంగ మాత్రం నీకు లేదు. 1975 దాకా వచ్చిన పెట్రోలు కార్లను మీ రాష్ట్రం ఆ పరీక్ష నుంచి మినహాయించింది.

ఒకవేళ బ్లాకులో పగులే బయటపడితే ఎల్‌ఎస్‌కి పరిగెత్తకు, ఇంకో దారుంది. పొంటియాక్ వీ8ల్లో 326 నుంచి 455 దాకా బయటి కొలతలన్నీ ఒకటే. క్యాటలీనాలోంచో, బోన్‌విల్‌లోంచో ఇంకో 400 గానీ 455 గానీ తెచ్చి అదే చోట దించొచ్చు. మౌంటు రంధ్రాలు, స్టార్టరు బిగించే చోటు ఏడాదిని బట్టి మారతాయి, కొనే ముందు పోల్చుకో. నీ వైఎస్ బ్లాకుని ఆయిలు రాసి, ప్లాస్టిక్ చుట్టి గ్యారేజీ మూల పెట్టు. ఎల్‌ఎస్ వేసుకున్నా ఇదే మాట: బ్లాకు, హెడ్లు, కార్బురేటరు, గేర్‌బాక్సు ఏదీ అమ్మకు. ఫైర్‌వాల్‌కి రంధ్రాలు కొట్టనివ్వకు, ఫ్రేము కోయనివ్వకు. తర్వాత వెనక్కి రాగలిగేలా ఉంటే ఏదైనా చెయ్యి.

ఇంజన్ విప్పకముందే మెషిన్ షాపు వెతుక్కో. ఈ రోజుల్లో ఇదే అసలు కష్టం. షెవర్లే స్మాల్‌బ్లాక్ ఎవరైనా చేస్తారు, పొంటియాక్ తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు. వాటర్ పంపు వెనక పలక గురించి అడుగు. అదేమిటని అతను నిన్నే ఎదురడిగితే నమస్కారం పెట్టి వచ్చేయి. వరసలో ఎంతకాలం ఆగాలో, కొలతలు కాగితం మీద రాసిస్తాడో లేదో కనుక్కో. నోటి లెక్కలతో పనిచేసేవాడు ఎంత గొప్పవాడైనా నాకు వద్దు.

ఆగస్టులో మూడో శనివారం ఇక్కడ వుడ్‌వర్డ్ అవెన్యూ మీద డ్రీమ్ క్రూజ్. నువ్వూ కోడలూ వస్తే ఆ రోడ్డు పక్కన కుర్చీలు వేసుకుని హుడ్లు ఎత్తిన జీటీఓలు రెండు రకాలవీ చూపిస్తాను. వాటి యజమానులను నువ్వే అడగొచ్చు. వాళ్లు నాకంటే ఎక్కువ మాట్లాడతారు.

లీక్‌డౌన్ అంకెలు వచ్చాక ఫోటో తీసి పంపు, ఎనిమిదీ కనిపించాలి. ఇంజన్ దింపే రోజు హుడ్డు విప్పే ముందు కబ్జాల చుట్టూ మార్కరుతో గీత గీసుకో, లేకపోతే తిరిగి బిగించేటప్పుడు సందులు కలవక వారం పోతుంది. అన్నయ్యకీ వదినకీ మా నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
బాబాయి