శనివారం ఒంటిపొద్దు ఉంటే బరువు తగ్గుతామా?

శనివారం ఒంటిపొద్దు మొదలుపెట్టే మన వయసు వాళ్ళలో చాలామందికి మనసులో రెండు కోరికలుంటాయి. ఒకటి వేంకటేశ్వర స్వామి దయ, రెండోది పొట్ట తగ్గడం. రెండోది కోరుకోవడం తప్పేం కాదు. కానీ దాని లెక్క వేరు.

ముందు శనివారం రాత్రి ప్లేటు చూద్దాం. ఫలాహారం అంటే అసలు అర్థం పళ్ళు తినడం. మన ఇళ్ళలో అది ‘పలహారం’ అయ్యి, మెల్లగా టిఫిన్ అయిపోయింది. అన్నం మానేశాం కదా అని నాలుగు నూనె దోసెలు, కొబ్బరి చట్నీ. ఆకలి మీద ఉన్నాం కాబట్టి ఇంకో రెండు! గ్రాము పిండిపదార్థంలో 4 కేలరీలుంటే, గ్రాము నూనెలో 9. ఇక సగ్గుబియ్యం అంటారా, అది దాదాపు అంతా పిండిపదార్థమే.

మరి ఆదివారం పొద్దున మెషీన్ ఎక్కితే అరకిలో తగ్గి కనిపిస్తుందే? అందులో ఎక్కువ భాగం నీరే. ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ ఖర్చయితే, దాంతో ఉన్న నీరు కూడా పోతుంది. మళ్ళీ తినగానే తిరిగొస్తుంది. ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు కావాలి. రోజుకు 500 చొప్పున తగ్గించినా పదిహేను రోజులు పడుతుంది. ఒక్క శనివారంతో ఎక్కడ అవుతుంది చెప్పండి?

భగవద్గీత ఆరో అధ్యాయం 16, 17 శ్లోకాలు ఒకసారి తీసి చూడండి. అతిగా తినేవాడికీ, అసలు తిననివాడికీ యోగం కుదరదంటాడు కృష్ణుడు. తిండితో పాటు నడవడి, పని, నిద్ర కూడా తగినంతే ఉండాలంటాడు. నాకు ఇందులో బాగా నచ్చేది నిద్ర మాట. రిలీజ్ ఉన్న వారం రాత్రి రెండింటి దాకా మేలుకుంటే మర్నాడు ఆకలి ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు.

కాబట్టి మిగతా ఆరు రోజులూ చూసుకోవాలి. అన్నం ఒక కప్పు, కూర అంతకంటే ఎక్కువ, పప్పు చిక్కగా, చివర్లో మజ్జిగ. పొద్దున తక్కువ నూనెతో పెసరట్టు. ఆఫీసు కాల్స్ నడుస్తూ మాట్లాడొచ్చు. వ్యాయామానికి ఒక లక్ష్యం కావాలంటే అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లున్నాయి. ‘ఈసారి తక్కువసార్లు ఆగి ఎక్కాలి’ అనుకుని ఇప్పటినుంచే అపార్ట్‌మెంట్ మెట్లు మొదలుపెట్టండి. మెషీన్ మీద అంకె కంటే ఇది ఉత్సాహంగా ఉంటుంది.

ఒక వారం ఒంటిపొద్దు కుదరకపోతే వచ్చే శనివారం మళ్ళీ ఉంటాం కదా, స్వామి కోప్పడ్డాడని మానేయం. బిర్యానీ తిన్న మర్నాడూ అంతే. అద్దం ముందు నిలబడి తిట్టుకుంటూ చేసే డైట్ ఎక్కువ రోజులు నిలవదు.

ఒక్క జాగ్రత్త. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా ఉపవాసాలు చేయకండి. మందు వేసుకుని తినకపోతే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఇంట్లో అమ్మానాన్నలకు కూడా ఇది చెప్పండి. మన మాట ఒక పట్టాన వినరు, అయినా చెప్పండి.