ఎర్ర మాత్ర చేసిన డాక్టరు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. ఏ ఊరి సర్కారు ఆసుపత్రిలోనైనా కడుపుతో ఉన్నవాళ్లకు ఎర్ర మాత్రలు ఇస్తారు. అందులో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. ఒంట్లో రక్తం పట్టాలంటే రెండూ కావాలి.

ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసే దారి కనుక్కున్న వాళ్లకు పెద్ద తెలుగువాడే. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టాడు. మామగారు డబ్బు ఇస్తే మద్రాసులో డాక్టరు చదువు చదివాడు. ఖద్దరు కట్టాడని దొరకు కోపం వచ్చింది. అందుకే చిన్న పట్టా ఇచ్చారు.

పై చదువుకు అమెరికా పోయాడు. ఆ పట్టాతో అక్కడ డాక్టరు పని దొరకలేదు. చేతిలో డబ్బు లేదు. రాత్రిపూట ఆసుపత్రిలో కూలికి కుదిరాడు. రోగుల మలమూత్రాల గిన్నెలు ఎత్తాడు. పగలు చదివాడు. డాక్టరు చదివినవాడు గిన్నెలు ఎత్తడమేమిటి అనుకోలేదు. చదువు సాగితే చాలు అనుకున్నాడు.

భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. ఆయన వెళ్లాక కొడుకు పుట్టాడు. ఏడాది నిండకుండానే పోయాడు. ఆయన మళ్లీ ఇంటికి రాలేదు. ఆ తల్లి కష్టం కూడా లెక్కలో వేయాలి కదా!

1945లో ఆయన జట్టు ఫోలిక్ ఆమ్లం తయారు చేసింది. 1948లో ఆయన అమెరికాలోనే చనిపోయాడు.

ఎర్ర మాత్ర నాలుగో నెల నుంచి రోజుకు ఒకటి చొప్పున 180 రోజులు మింగాలి. కాన్పు అయ్యాక మరో 180 రోజులు. విరేచనం నల్లగా అవుతుంది. భయం లేదు. టీ, కాఫీతో మాత్రం వేసుకోకూడదు.