పెద్దవారికి చెవుడు వస్తే?

చెవుడు నవ్వులాట కాదు. వినికిడి పోతే పని పోతుంది. నలుగురిలో మాట పోతుంది.

చార్మినార్ పక్కన లాడ్ బజార్ ఉంది. అక్కడ లక్క గాజులు అమ్మే ఒకాయనకు నలభై ఏళ్లు దాటాక చెవులు మందగించాయి. గిరాకీ ఒకటి అడిగితే ఆయన ఇంకొకటి చెప్పేవాడు. పక్కవాళ్లు నవ్వేవారు. ఆయన మాట్లాడడమే తగ్గించాడు.

"పిల్లలకు సర్కారు చెవి ఆపరేషన్ చేయిస్తదంట. మీకు చేయించదా?" అని భార్య అడిగింది.

మంచి ప్రశ్నే. జవాబు తెలుసుకుందాం.

చెవి మిషన్ శబ్దాన్ని పెద్దది చేస్తుంది. కాక్లియర్ ఇంప్లాంట్ వేరు. లోపలి చెవిలో నత్తగుల్ల లాంటి భాగం ఉంటుంది. ఆపరేషన్ చేసి అందులో సన్నని తీగ పెడతారు. చెవి వెనుక ఒక మిషన్ తగిలిస్తారు. అది మాటను కరెంటు సంకేతాలుగా మార్చి నరానికి అందిస్తుంది.

ఈ ఆపరేషన్‌కు లక్షల రూపాయలు అవుతాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో చిన్నపిల్లలకు దీన్ని చేయించారు. కేంద్రం వారి అడిప్ పథకం నియమాలు 2014లో మారాయి. ఒక్కో పిల్లకు ఆరు లక్షల దాకా ఇవ్వాలని అప్పుడు రాశారు. పుట్టు చెవుడైతే ఐదేళ్ల లోపు, తర్వాత వచ్చిన చెవుడైతే 18 ఏళ్ల లోపు అన్నారు. పసితనంలో వినపడకపోతే మాటలు రావు. అందుకే పిల్లలకు ముందు చోటు.

మరి పెద్దవారికి ఇది పనికిరాదా? పనికొస్తుంది. మాటలు వచ్చాక వినికిడి పోయినవారికి ఇది బాగా సాయపడుతుంది. పనికిరాకపోవడం వేరు, పథకంలో లేకపోవడం వేరు. ఈ తేడా తెలిస్తేనే అడగగలం.

అడిప్‌లో పెద్దవారికి చెవి మిషన్ ఇస్తారు. దానికి 40 శాతం వైకల్య పత్రం, ఆదాయ పత్రం కావాలి. చాలామందికి మిషన్‌తోనే పని జరుగుతుంది. దానితో లాభం లేనివారికే ఆపరేషన్ మాట వస్తుంది.

ముందు పరీక్ష చేయించాలి. కోఠీలో ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ కేంద్రం ఉంది. శబ్దాన్ని డెసిబెల్‌లలో కొలుస్తారు. మామూలు మాట సుమారు 60 డెసిబెల్‌లు ఉంటుంది. 2016 చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ వినికిడి నష్టం 70 డెసిబెల్‌లు ఉంటే చెవుడు. 60 నుండి 70 మధ్య ఉంటే వినికిడి తక్కువ.

ఈఎస్ఐ కార్డు ఉన్నవారు అక్కడ కూడా అడగాలి. పథకాల నియమాలు మారుతుంటాయి. ఒకసారి లేదన్నారని ఊరుకోవద్దు. ఇప్పటి నియమం ఏమిటో అడగండి.

చర్చించండి:
1. చెవి మిషన్‌కూ ఇంప్లాంట్‌కూ తేడా ఏమిటి?
2. పరీక్ష ఎక్కడ చేయిస్తారు?
3. మీ గల్లీలో వినపడనివారు ఉన్నారా? వారితో ఎవరు ఆసుపత్రికి వెళ్తారు?