విదేశ ప్రయాణమునకు ముందు పాస్‌పోర్టు చిక్కులు

ఈ పత్రికలో సాధారణంగా నూలు ధరలు, రంగులు, సహకార సంఘాల సంగతులు ప్రస్తావిస్తూ వుంటాము. ఈ సంచికలో మాత్రం మగ్గమునకు దూరమైన విషయమొకటి వ్రాయవలసి వచ్చినది. మన కుటుంబాలలో విదేశ ప్రయాణాలు హెచ్చినవి. కూతురి పురుటికని అమెరికా వెళ్ళే తల్లులున్నారు. గల్ఫు దేశాలకు పనికి పోయే యువకులున్నారు. ప్రతి జనవరిలో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టులో జరిగే హైమ్‌టెక్స్‌టిల్ ప్రదర్శనకు తువ్వాళ్ళు, దుప్పట్లు తీసికొని పోయే వర్తకులున్నారు. వీరిలో కొందరు టిక్కెట్టు కొని, పెట్టె సర్దుకొని, ఆఖరి వారములో పాస్‌పోర్టు తెరిచి చూచుకొని గుండె బాదుకొంటున్నారు.

అట్టి సమయములో మొదట చేయవలసినది ఆఫీసుకు పరుగెత్తడం కాదు. చిక్కు ఏ రకమైనదో తేల్చుకొనడం. కొన్ని చిక్కులు నాలుగైదు దినాలలో విడిపోతవి. కొన్ని ఎంత తొందరపడినా, ఎవరికి ఎంత సొమ్ము ఇచ్చినా వారాలు పట్టేవి. రెండవ రకమని తేలితే వెంటనే టిక్కెట్టు తేదీ మార్చుకొనడమే లాభము, ఏలననగా ప్రయాణము దగ్గరపడిన కొద్దీ మార్పు రుసుము పెరుగుతుంది. ఈ తేడా తెలియక రెండింటికీ దళారియే మందు అనుకొని డబ్బు పోగొట్టుకొనేవారు మనలో తక్కువ కాదు.

మొదట గడువు సంగతి చూతము. పెద్దల పాస్‌పోర్టు పదేండ్లకు ఇస్తారు. దానిపై అచ్చువేసిన చివరి తేదీ వరకు అది అన్ని దేశాలకూ చెల్లుతుందనుకొనడం పొరపాటు. సింగపూరు, మలేసియా, ఐక్య అరబ్ ఎమిరేట్లు వంటి దేశాలు, తమ దేశములో అడుగుపెట్టిన నాటినుండి ఇంకా ఆరు నెలల గడువు వుండవలెనని కోరుతవి. ఆగస్టు 10న సింగపూరులో దిగేవారి పుస్తకము ఫిబ్రవరి 10 దాకా చెల్లకపోతే విమానాశ్రయములోనే ఆపివేస్తారు. జర్మనీ, ఫ్రాన్సు మొదలైన షెంగెన్ దేశాల లెక్క వేరు. అక్కడినుండి తిరిగి బయలుదేరే తేదీ తరువాత మూడు నెలల గడువు చాలును. కాని ఆ పుస్తకము పదేండ్లలోపల జారీ అయినదై, అందులో రెండు ఖాళీ పుటలైనా వుండవలెను. తరచు తిరిగే వర్తకులు పుటల సంగతి మరచిపోతారు. గడువైనా, పుటలైనా తీరిపోతే పాస్‌పోర్టు మరల జారీ చేయించుకొనవలసినదే. పేరులో, చిరునామాలో మార్పు లేనివారికి ఇది త్వరగా తీరే చిక్కు.

ఇక పేరు. మనవంటి ప్రవాసాంధ్రులకు అసలు కష్టము ఇక్కడనే వున్నది గనుక దీనిని కొంచెము విస్తరించి చెప్పుతాము.

నరసయ్య అనే మనిషి వున్నాడనుకొందము. తండ్రి రాజయ్య. తెలుగునాట అతడు ఇంటిపేరు ముందు పెట్టి, వెనుక నరసయ్య అని వ్రాసుకొంటాడు. అతని అన్నదమ్ముడు షోలాపురములోనో భివాండిలోనో స్థిరపడితే అక్కడి బడిలో మరాఠీ పద్ధతిని సొంతపేరు, తండ్రిపేరు, ఇంటిపేరు వరుసగా ఎక్కించినారు. మరియొకడు కంచిలోనో సేలములోనో వుంటే తండ్రిపేరు పొడియక్షరమై, ఆర్. నరసయ్య అయినాడు, ఇంటిపేరు కాగితాలలో మాయమైనది. ఒకే ఇంటి కొమ్మలు మూడు, మూడు తీరుల పేర్లు. వూరిలో వున్నంత కాలము ఎవరికీ బాధ లేదు. పాస్‌పోర్టులో మాత్రము ఇచ్చిన పేరుకు ఒక గడి, ఇంటిపేరుకు ఒక గడి వేరువేరుగా వుంటవి. తమిళనాడులోని మనవారు చాలమంది మొదటి గడిలో పేరు నింపి రెండవదానిని ఖాళీగా వదలుతున్నారు.

దీని ఫలితము చూడండి. 2022 నవంబరు 21 నుండి ఎమిరేట్లు, పాస్‌పోర్టులో ఒంటిపేరు వున్నవారిని సందర్శక వీసాపై రానీయమన్నవి. తండ్రి పేరో, కుటుంబము పేరో పాస్‌పోర్టు మరియొక పుటలో వుంటే అంగీకరిస్తామని తరువాత సడలించినవి. అయినా ఒంటిపేరువారు టిక్కెట్టు కొనకముందే విమాన కంపెనీని అడిగి తెలుసుకొనడం మంచిది. అమెరికా వీసాలో ఒంటిపేరును ఇంటిపేరు గడిలోనికి మార్చి, సొంతపేరు గడిలో ఎఫ్.ఎన్.యు. అని మూడక్షరాలు వేస్తారు. సొంతపేరు తెలియదని వాటి అర్థము. అది చూచి వీసా తప్పు పడినదని కంగారుపడి ఏడ్చిన తల్లులున్నారు. అది తప్పు కాదు, వారి పద్ధతి.

టిక్కెట్టుపై పేరు పాస్‌పోర్టులో ఎట్లున్నదో అక్షరము తప్పకుండా అట్లే వుండవలెను. పడుగు అతికేటప్పుడు పోగుకు పోగు చూచుకొనే మనవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. టిక్కెట్టులో ఒకటి రెండక్షరాల పొరపాటైతే చాల కంపెనీలు దిద్దుతవి. టిక్కెట్టు కొన్నచోటనే ఆ రోజే అడగవలెను. పొరపాటు పాస్‌పోర్టులోనే వుంటే, లేక ఇంటిపేరు క్రొత్తగా చేర్చవలెనంటే, పుస్తకము మరల జారీ కావలసినదే. ఆధారు, పాన్‌కార్డు, బడి సర్టిఫికెట్టు మూడింటిలో మూడు పేర్లు వుంటే ముందు వాటిని సరిచేయకుండా పాస్‌పోర్టు ఆఫీసుకు పోవడం దండుగ. పేరును పెద్దయెత్తున మార్చుకొనేవారికి తత్కాల్ వర్తించదు. ఇదే వారాలు పట్టే చిక్కు.

తత్కాల్ అనగా త్వరితపు పద్ధతి. 36 పుటల సాధారణ పాస్‌పోర్టుకు రుసుము 1,500 రూపాయలు. తత్కాల్‌కు దానిపై మరి 2,000. ప్రభుత్వము పేర్కొన్న గుర్తింపు పత్రాలలో మూడు చూపవలెను. అంతా సరిగా వుంటే దరఖాస్తు ఇచ్చిన దినమును వదిలి మూడవ పనిదినమున పుస్తకము పంపవలెనని నియమము. పోలీసు విచారణ తరువాత జరుగుతుంది. ఈ రుసుము మించి అడిగేవాడు, రేపే ఇప్పిస్తాననేవాడు ఎవడైనా సరే, వాని మాట నమ్మవద్దు. పాస్‌పోర్టు ఇండియా డాట్ గవ్ డాట్ ఇన్ అనేది ప్రభుత్వపు స్థలము. దానిని పోలిన పేర్లతో వేరు స్థలాలు కొన్ని సొమ్ము లాగుతున్నవి. సందేహము వుంటే 1800-258-1800 అనే ఉచిత టెలిఫోను నంబరులో అడుగవచ్చును.

2018 జూన్ నుండి దేశములో ఎక్కడనుండియైనా దరఖాస్తు చేసికొనే వీలు కలిగినది. ఇది మనబోటివారికి మేలు చేసినది. అయితే పోలీసు విచారణ మీరు వ్రాసిన చిరునామాలోనే జరుగుతుంది. భివాండిలో మరమగ్గము నడుపుతూ, ఆధారు కార్డు సిరిసిల్ల చిరునామాతో వున్నదని దానినే వ్రాసి ఇచ్చేవారు ఎందరో! పోలీసువారు అక్కడికి పోతే ముసలి తల్లి, కొడుకు బొంబాయివైపు వున్నాడని నిజము చెప్పుతుంది. నివేదిక ప్రతికూలమవుతుంది. తత్కాల్‌లో పుస్తకము ముందే చేతికి వచ్చినా, తరువాత ప్రతికూల నివేదిక వస్తే ఆ పుస్తకానికే ముప్పు. కనుక నిజముగా నివసించే చోటును వ్రాసి, ఆ చోటి రుజువు సంపాదించుకొనడమే క్షేమము.

పుస్తకము స్పీడుపోస్టులో వస్తుంది, ఆసామి చేతికే ఇస్తారు. ఇంటికి తాళము వేసి సంతకు పోయినారా, అది తిరిగి పాస్‌పోర్టు ఆఫీసుకు చేరుతుంది. ఒకే ఇంటి నంబరుపై నాలుగు వాటాలుండే మన నేత వాడలలో, పోస్టుమానుకు ముందుగా ఒక మాట చెప్పి వుంచండి.

పదవ తరగతి ప్యాసు కానివారి విషయము ఒకటి మిగిలినది. 1983 నాటి వలస చట్టము క్రింద, ఇటువంటివారి పాస్‌పోర్టుపై ఇ.సి.ఆర్. అనే గుర్తు పడుతూ వచ్చినది. గల్ఫు దేశాలు, మలేసియా మొదలైన 18 దేశాలకు ఉద్యోగానికి పోవాలంటే వీరికి ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావలెను. బిడ్డను చూచి రావడానికి సందర్శక వీసాపై పోయేవారికి అక్కరలేదు. దీనిని పట్టుకొని సందర్శకుడవుగా దిగి అక్కడ పనిలో చేరుమని చెప్పే ఏజెంట్లున్నారు. ఆ మాట విన్నవానికి జీతము ఎగవేసినా, దెబ్బ తగిలినా, పనివానిగా అడిగే హక్కు వుండదు. మన మగ్గాల మీద రోజుకూలి ఎంత తక్కువైనా దానికన్న ఇదే నయమని మా అభిప్రాయము.

చిన్నపిల్లల పాస్‌పోర్టు సాధారణంగా అయిదేండ్లే చెల్లుతుంది. తల్లిదండ్రుల పుస్తకాలతో పాటు ఇంకా చెల్లుతుందనుకొని మోసపోతున్నారు. 2023 అక్టోబరు 1న గాని తరువాత గాని పుట్టిన శిశువులకు పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రము తప్ప మరేదీ పనికిరాదు. యానామో, బరంపురమో, బళ్ళారియో, పురుడు ఎక్కడ జరిగితే అక్కడ వెంటనే నమోదు చేయించి, పేరు కూడ ఎక్కించుకొనవలెను.

అద్దకపు రంగు ఒలికినది, గంజినీరు పడి పుటలంటుకొన్నది, ఇటువంటి పుస్తకముతో విమానాశ్రయానికి పోవద్దు. పుస్తకమే పోతే మొదట పోలీసు ఠాణాలో ఫిర్యాదు ఇచ్చి దాని నకలు పుచ్చుకొనండి. ఈ రెండు సందర్భాలలోను తత్కాల్ దొరుకుతుందని ముందుగానే టిక్కెట్టు కొనక, ఆఫీసులో అడిగి తేల్చుకొనండి. దగ్గరి బంధువు విదేశములో ఆసుపత్రిలో వున్నప్పుడో, మరణించినప్పుడో, ఆ కాగితాలతో ప్రాంతీయ పాస్‌పోర్టు ఆఫీసరుకు నేరుగా మనవి చేసికొనవచ్చును. వీలు కల్పించడం ఆయన విచక్షణ.

పాత పుస్తకములో చెల్లుబాటులో వున్న అమెరికా వీసా వుంటే, క్రొత్తది వచ్చినదని పాతదానిని పెట్టెలో పడవేయవద్దు. వీసా రద్దు కానంతవరకు, పుట చెడనంతవరకు ఆ రెండు పుస్తకాలు కలిపి చూపితే చెల్లుతుంది. పాతదానిని రద్దు చేయడానికి ఇచ్చేటప్పుడే కౌంటరులో వీసా పుట చూపి చెప్పండి.